మత్తు మానాలనుకునే రూమ్మేట్‌కి తోడుగా ఉండటం ఎలా

కర్నూల్లో అబ్బాయిల డిగ్రీ హాస్టల్‌కి వార్డెన్‌గా ఉన్నాను. రూమ్మేట్ గంజాయికో, మందుకో, మాత్రలకో అలవాటు పడ్డాడని పిల్లలు రాత్రిపూట వచ్చి నా గది తలుపు కొడుతుంటారు. "సార్, ఇప్పుడేం చేయాలి?" అని అడుగుతారు. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. వైద్యం డాక్టర్లు చూసుకుంటారు. కానీ సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా వాడి పక్కన ఉండేది మీరే. మానినవాడు నిలబడినా, జారినా ఎక్కువగా ఆ గంటల్లోనే.

ముందు మాట్లాడాలి. మత్తులో ఉన్నప్పుడు వద్దు, నలుగురి ముందూ వద్దు. పొద్దున మెస్‌లో ఉగ్గాని తిని, ఇద్దరే బయటికి నడిచేటప్పుడు మొదలుపెట్టండి. కళ్ళతో చూసిందే చెప్పండి. "చెడిపోతున్నావు రా" అంటే గొడవకి దిగుతాడు. "రే మామా, నెల నుంచీ ల్యాబ్‌కి రావట్లేదు, రాత్రంతా మేలుకునే ఉంటావు, నాకు భయమేస్తోంది" అంటే వింటాడు.

తర్వాత కౌన్సెలర్లు వాడే ఒక ప్రశ్న అడగండి: "మానాలని నీకు పదికి ఎంత ఉంది?" మూడు అంటే, "అంతేనా?" అనకండి. "మరి సున్నా ఎందుకు అనలేదు?" అని అడిగి, ఊరుకోండి. ఆలూరు వైపు నుంచి వచ్చిన ఒక పిల్లవాడు ఈ ప్రశ్నకి చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. చివరికి, "అమ్మానాయన గుంటూరు దిక్కు మిరప కోతలకి పోయినారు సార్. ఆ కూలి డబ్బులే నాకు ఫోన్‌పే కొడతారు" అన్నాడు. మానడానికి కారణం వాడి నోటి నుంచే వచ్చింది. నేను గంటసేపు చెప్పినా ఆ మాటకున్న బలం రాదు.

చాలామంది ఆసుపత్రికి రానిది పోలీసు భయంతోనే. మత్తుపదార్థాల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడినందుకో, చిన్న మొత్తం దగ్గర ఉన్నందుకో కేసు పడినవాడు కూడా తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చేరి చికిత్స పూర్తి చేస్తే, ఆ కేసులో విచారణ నుంచి రక్షణ పొందవచ్చు. అమ్మేవాళ్ళకి ఇది వర్తించదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, ప్రాణాపాయం లాంటి సందర్భాల్లో తప్ప రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. ఈ రెండు మాటలూ వాడికి ముందే చెప్పండి.

ఆసుపత్రికి పొద్దున్నే వెళ్ళండి. మన జీజీహెచ్‌లో, అంటే కర్నూలు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, సైకియాట్రీ (మానసిక వైద్య) విభాగం ఉంది. ఆధార్, ఫోన్ వెంట ఉంటే ఓపీ చీటీ దగ్గర ఇబ్బంది ఉండదు. ఏం వాడుతున్నాడు, రోజుకెంత, చివరిసారి ఎప్పుడు, ఇవి ముందు రోజే కాగితం మీద రాయించండి. డాక్టర్ ముందు సిగ్గుతో సగానికి సగం తగ్గించి చెబుతారు, దాంతో డాక్టర్ రాసే మందు మోతాదు తప్పవుతుంది. వెళ్ళడానికి ఇంకా మనసొప్పకపోతే 14446కి ఫోన్ చేయించండి, అది మత్తు మానడానికి సాయం చేసే డీఅడిక్షన్ హెల్ప్‌లైన్. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు. రెండూ ఉచితం.

ఒక విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. రోజూ బాగా తాగేవాడు, లేదా నిద్రమాత్రలు రోజూ మింగేవాడు పంతం పట్టి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. తాగుడు ఆపిన రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, లేనివి కనబడటం, తికమకగా మాట్లాడటం మొదలైతే రాత్రయినా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి. అందుకే వీళ్ళు డాక్టర్‌ని అడిగాకే ఆపాలి. గంజాయి మానితే అంత ప్రమాదం ఉండదు గానీ చిరాకు, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదటి వారంలో బాగా ఉంటాయి. చాలావరకు రెండు వారాల్లో తగ్గుతాయి, నిద్ర కుదురుకోవడానికి ఇంకొంచెం పడుతుంది. ఆ రోజుల్లో వాడు మీ మీద అరిస్తే మనసుకి పెట్టుకోకండి.

తాగుడు మాన్పించే పొడి అంటూ అన్నంలో కలిపి పెట్టే పని ఎవరు చెప్పినా చేయకండి. కొన్నింటిలో డైసల్ఫిరాం అనే ఔషధం ఉంటుంది. అది తిన్నట్టు తెలియక మందు తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.

ఇక సాయంత్రాలు. తాగాలనే కోరిక బలంగా వచ్చినా, సాధారణంగా పావుగంట, అరగంటలో దానంతటదే తగ్గుతుంది. ఆ అరగంట దాటించడమే మీ పని. అవుట్‌డోర్ స్టేడియంలో నడవండి, క్రికెట్‌కి లాగండి, చల్లనీళ్ళతో స్నానం చేయమనండి, ఏదైనా తినిపించండి. ఖాళీ కడుపుతో ఉన్నవాడికి కోరిక ఎక్కువ. పాత గ్యాంగ్ కూర్చునే టీ బంకు వైపు కాకుండా వేరే దారిలో నడవండి. ఇంటి నుంచి డబ్బు పడే రోజు, బ్యాక్‌లాగ్ రిజల్ట్ వచ్చే రోజు, పరీక్షలు ముగిసే రాత్రి ముందే గుర్తుపెట్టుకోండి. ఆ రోజుల్లో ఒంటరిగా వదలొద్దు. కానీ జేబులు వెతకడం, నోరు వాసన చూడటం మొదలుపెడితే మీకు నిజం చెప్పడం మానేస్తాడు. రోజూ ఒక్కరే చూసుకుంటే మీ చదువు పోతుంది, గదిలో మిగతావాళ్ళతో పంచుకోండి.

ఎప్పుడో ఒకరోజు మళ్ళీ తాగి రావచ్చు. తిట్టిపోయకండి. తెల్లారాక, "నిన్న దానికి ముందు ఏం జరిగింది?" అని అడగండి. జవాబు ఓపీలో చెప్పమనండి, డాక్టర్ రమ్మన్న తారీఖు దాటకుండా వెంట వెళ్ళండి.

సెలవులకి ఊరెళ్ళి తిరిగొచ్చినప్పుడు ఇంకా అప్రమత్తంగా ఉండాలి. మత్తిచ్చే నొప్పి మాత్రలు గానీ, హెరాయిన్ గానీ కొన్నాళ్ళు మానినవాడి ఒంటికి పాత తట్టుకునే శక్తి ఉండదు. మునుపటి మోతాదే వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. లేపినా లేవకపోయినా, గురక వింతగా ఉన్నా, ఊపిరి నెమ్మదించినా వెంటనే 108కి చేయండి. ఊపిరి ఉంటే పక్కకి తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పోయకుండా, బండి వచ్చేదాకా దగ్గరే కూర్చోండి. ఏం మింగాడో దాచకుండా చెప్పి, మాత్రల ఖాళీ షీట్ దొరికితే వాళ్ళ చేతికివ్వండి.