చెన్నై ఉక్కపోతలో తక్కువ ఖర్చుతో ఇల్లు చల్లగా ఉంచుకోవడం ఎలా?

నంద్యాల నుంచి చెన్నై వచ్చిన మొదటి వేసవిలో మేము కూలర్ కొన్నాం. ఊళ్లో బాగా పనిచేసేది కదా అని. ఇక్కడ గంట తిరక్కుండా పక్కబట్టలు చెమ్మగిల్లాయి, ఉక్క ఇంకా పెరిగింది. నీళ్లు ఆవిరైతేనే కూలర్ చల్లగాలి ఇస్తుంది. సముద్రం పక్క ఊళ్లో గాలి ముందే తేమతో నిండి ఉంటుంది. మన చెమట ఆరకపోవడానికీ కారణం అదే. కాబట్టి ఇక్కడ కూలర్, తడి గోనెపట్టాలు వద్దు. గాలి ఆడాలి, ఎండ ఆగాలి.

ముందు ఫ్యాన్ చూడండి. రెక్కల దుమ్ము తుడవండి. ఐదులో పెట్టినా నెమ్మదిగా తిరుగుతుంటే చాలాసార్లు లోపం కెపాసిటర్‌దే (మోటారుకు ఊపునిచ్చే చిన్న డబ్బా లాంటి భాగం). పాతదాని మీద ఉన్న అంకె చూసి (ఎక్కువగా 2.5 ఉంటుంది) అదే తెచ్చి ఎలక్ట్రీషియన్‌తో మార్పించండి. కొత్త ఫ్యాన్ కొనేట్టయితే బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే మోటారు ఉన్న రకం) తీసుకోండి. రోజుకు 20 గంటలు తిరిగితే 75 వాట్ల మామూలు ఫ్యాన్‌కు నెలకు 45 యూనిట్లు కాలుతాయి, 30 వాట్ల దానికి 18 చాలు.

తర్వాత కిటికీలు. తెల్లవారుజామున అన్నీ తీయండి. ఎండెక్కాక పడమటి గాలి సెగలా కొడుతుంది, అప్పుడు మూసి పరదాలు దించండి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగ్గానే తూర్పు కిటికీ తీసి, ఎదురుగా ఉన్న తలుపూ తీయండి. ఒక్కవైపే తీస్తే గాలి లోపలికి రాదు. టేబుల్ ఫ్యాన్ ఉంటే బయటివైపు తిప్పి పెట్టండి, లోపలి వేడిని నెట్టేస్తుంది.

పై అంతస్తులో ఉండేవాళ్ల అసలు బాధ స్లాబు. పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంది. మే మొదట్లో వచ్చే కత్తిరి ఎండలకు ముందే ఇంటి ఓనరును అడిగి మేడమీద సున్నం వేయండి. ఊడ్చి, కడిగి, ఆరనివ్వండి. గుల్లసున్నం నానబెట్టి వడకట్టి, పెయింట్ షాపులో దొరికే తెల్ల జిగురు కలిపి, సాయంత్రం పూట పలచగా రెండు పూతలు వేయండి. సున్నం కళ్లలో పడితే ప్రమాదం, కళ్లను మూసే రక్షణ అద్దాలు, గ్లవుజులు తప్పనిసరి. వానలకు కరిగిపోతుంది, ఏటా మళ్లీ వేయాల్సిందే. కొందరు మేడమీద నీళ్లు పోస్తారు. 2019లో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చుకున్న ఊరిది. నాకు మనసొప్పదు.

తడిబట్టలు గదిలో ఆరేయకండి, ఆ నీరంతా మీ గాలిలోకే వస్తుంది. వంట పొద్దున్నే ముగించండి. రాత్రి ఫోమ్ పరుపు తీసేసి తుంగచాప మీద నూలు దుప్పటి పరుచుకోండి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే దాహం వేయకపోయినా మజ్జిగ ఇస్తూ ఉండండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే మాత్రం ఇంటి వైద్యాలతో ఆలస్యం చేయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి, బండి వచ్చేదాకా ఒళ్లంతా తడిగుడ్డతో తుడుస్తూ ఫ్యాన్ గాలి తగలనివ్వండి.