స్టెయిన్ పడకముందే కర్ర నార చూడండి

శ్రావణ ముహూర్తానికి గృహప్రవేశం పెట్టుకున్నవాళ్ల ఇళ్లలో ఆషాఢమంతా తలుపుల పాలిష్ హడావిడే. ఈమధ్య అలాంటి ఒక ఇంట్లో కొత్త టేకు సింహద్వారం స్టెయిన్ (కర్రలోకి దిగే రంగు) పడ్డ పది నిమిషాల్లో పాడైంది. రెక్క నిండా సున్నాల్లా చుట్టుకున్న నల్లటి గీతలు, అడ్డకమ్మీల దగ్గర పిల్లి గీరినట్టు చారలు. మేస్త్రీ రంగును తిట్టాడు, ఇంటివాళ్లు కర్ర నాసిరకమేమో అనుకున్నారు. రెండిట్లోనూ తప్పు లేదు. ఎమెరీ పేపరు నారకు అడ్డంగా నడిచింది, అంతే.

కర్ర అంటే చెట్టు నిలువునా సాగిన సన్నటి గొట్టాల కట్ట. పేపరు వాటి వెంట నడిస్తే గీత నారలోనే కలిసిపోతుంది. అడ్డంగా నడిస్తే పోగులు తెగుతాయి, ఆ గాట్లలో రంగు నిలుస్తుంది. మామూలు వెలుగులో పొడి కర్ర మీద ఆ గాట్లు కంటికి ఆనవు, చేతికి తగలవు. పనిగట్టుకుని వెతక్కపోతే స్టెయిన్ పడ్డాకే బయటపడతాయి. అప్పుడు రంగంతా తీసి మళ్లీ గరుకైన 80 నంబరు పేపరు దగ్గర మొదలుపెట్టాలి (నంబరు పెరిగేకొద్దీ పేపరు నున్నన). అందుకే నార వెంటే రుద్దండి. మిషన్‌తో రుద్దినా ఆఖరి పేపరు మాత్రం చేత్తో, నార వెంటే.

అసలు చిక్కు నిలువు కమ్మీ, అడ్డ కమ్మీ కలిసే అతుకు దగ్గర. ఒకదాని నార ఇంకొకదానికి అడ్డం. ముందు అడ్డ కమ్మీ రుద్దండి, పేపరు కాస్త నిలువు కమ్మీ మీదికి దాటినా ఫర్వాలేదు. తర్వాత నిలువు కమ్మీని నిలువుగా రుద్దితే ఆ దాటిన గీతలు పోతాయి. ఈసారి మాత్రం అంచు దాటకూడదు, అతుకు గీత వెంట అడ్డ కమ్మీ మీద టేపు అంటించుకోండి. ఈ వరస తారుమారు చేసిన తలుపులే ఎక్కువగా చెడతాయి.

కర్రను బట్టి కూడా పని మారుతుంది. టేకులో చేవ బంగారు గోధుమ రంగు, అంచున ఉండే తెల్ల కర్ర పాలిపోయి ఉంటుంది. రెండూ ఒకే రెక్కలో పడితే ఒకే స్టెయిన్ రెండు రంగులుగా తేలుతుంది. వేప నార పొరపొరకీ ఎదురు తిరుగుతుంది, చిత్రిక పడితే ఒక పట్టీ నున్నగా వచ్చి పక్క పట్టీ పెచ్చులు లేస్తుంది. పదునైన బ్లేడుతో పల్చగా పట్టి, మిగతాది పేపరుకు వదిలెయ్యండి. మామిడి కర్ర రంగును మచ్చలు మచ్చలుగా తాగుతుంది, స్టెయిన్‌కు ముందు బాగా పల్చన చేసిన సీలర్ (కర్ర రంధ్రాలు మూసే పూత) ఒక చేయి, అంటే ఒక కోటు, వెయ్యాలి.

కోసిన ముక్కల తలల దగ్గర గొట్టాల నోళ్లు తెరిచి ఉంటాయి కాబట్టి అక్కడ రంగు ఎక్కువ దిగి నల్లబడుతుంది. పలక ముఖం 180తో ఆపితే, తలలను 240 లేదా 320 దాకా రుద్దండి.

ఇక ఇవి:

- 80, 120, 180. మధ్యలో ఏదీ ఎగరగొట్టొద్దు. 80 గీతను 180 చెరపలేదు.
- పలక ముఖాన్ని 320 దాకా నున్నచేస్తే స్టెయిన్ సరిగా దిగదు.
- రుద్దాక గదిలో లైటు ఆపి, టార్చిని కర్రకు ఆనించి ఏటవాలుగా కొట్టండి. తర్వాత థిన్నర్ గుడ్డతో తుడవండి. అడ్డగీతలు, జిగురు మరకలు తడిలో తేలుతాయి. దగ్గర్లో దీపం, బీడీ ఉండకూడదు.
- అడ్డగీత ఒక్కటి కనబడినా స్టెయిన్ డబ్బా తెరవకండి. మళ్లీ నార వెంటే రుద్దండి.
- జిగురు అంటిన చోట స్టెయిన్ దిగదు. గీకెయ్యండి.
- వెనీర్ (పైన అంటించే పల్చటి కర్ర పొర) చాలాసార్లు అర మిల్లీమీటరే. దాని మీద 80 పేపరు, మిషన్ రెండూ వద్దు.
- కమ్మీల మధ్య కూర్చునే పలకలకు, వాటిని బిగించకముందే స్టెయిన్ వెయ్యండి. ఎండాకాలం పలక అడ్డంగా ముడుచుకుంటే అంచున తెల్ల గీత బయటపడుతుంది.
- టేకులో నూనె ఉంటుంది. కోటింగుకు ముందు థిన్నర్‌తో తుడవండి, ఆరగానే ఆలస్యం చేయకుండా వెయ్యండి.
- తేమ 12 శాతం దాటిన కర్రకు పాలిష్ వద్దు. వాన కురుస్తుంటే మెలమైన్ పాలిష్ కొట్టొద్దు, తెల్లటి పొగలా పట్టేస్తుంది.
- నమూనా అదే కర్ర ముక్క మీద, అదే వరస పేపర్లతో రుద్ది చూడండి. కార్డులోని రంగు నమ్మకండి.
- మాస్కు లేకుండా రుద్దొద్దు. కర్ర పొడి క్యాన్సర్ కారకం.
- అవిసె నూనె తడిపిన గుడ్డలు కుప్పగా పడెయ్యొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరవండి, లేదా నీళ్లలో ముంచండి.
- తలుపు అడుగు అంచుకు సీలర్ రెండు చేతులు. గడప కడిగిన ప్రతిసారీ నీళ్లు నిలువు కమ్మీ నార వెంట పైకి పాకుతాయి. తలుపు బిగించాక అక్కడికి బ్రష్ దూరదు, ఎత్తకముందే వెయ్యండి.