చాక్లెట్ కమలా క్రీమ్ రోల్: పగలకుండా చుట్టాలంటే

రోల్ పగిలితే చుట్టిన చేతిని తప్పుపడతాం కానీ, చాలాసార్లు అసలు తప్పు ఓవెన్‌లోనే జరిగిపోయి ఉంటుంది. ఇంత పలచటి కేకు రెండు నిమిషాలు ఎక్కువ కాలినా తేమ పోయి అంచులు అప్పడంలా విరుగుతాయి.

33×23 సెంటీమీటర్ల ట్రేకి గుడ్లు 4, పంచదార 100 గ్రాములు, మైదా 75, తీపి కలపని కోకో పొడి 25, గోరువెచ్చని పాలు 2 టేబుల్ స్పూన్లు, నూనె ఒక స్పూను, చిటికెడు ఉప్పు. బేకింగ్ పౌడర్ అక్కర్లేదు, గుడ్డు నురగే పొంగిస్తుంది. క్రీముకి విప్పింగ్ క్రీమ్ 250 మిల్లీలీటర్లు, పంచదార పొడి 30 గ్రాములు, కమలాపండ్లు 3.

ముందు కమలాల పని. తొక్క ఒలవకముందే రెండు పండ్ల పైరంగును సన్నగా తురమండి. తెల్లపొర తగిలిందా, చేదే. ఆ తురుమును పంచదార పొడిలో వేసి, పంచదార తడితడిగా రంగు తిరిగేదాకా వేళ్లతో నలపండి. ఘుమఘుమ తొక్కలోని నూనెది, రసానిది కాదు. మూడు పండ్ల రసం గింజలు లేకుండా వడకట్టి, సన్నమంట మీద 2 టేబుల్ స్పూన్లకు ఇగిరించి బాగా చల్లార్చండి. కిన్నో రకం కమలాల రసం మరిగితే చేదు తేలుతుంది, నాగపూర్ కమలాలు మేలు. ఇగిరించని రసం పోస్తే క్రీమ్ పలచబడి కారిపోతుంది.

ఓవెన్‌ను 190 డిగ్రీలకు వేడి చేసి, ట్రేలో బటర్ పేపర్ పరవండి. గుడ్లు, పంచదార, ఉప్పు కలిపి ఎలక్ట్రిక్ బీటర్‌తో 7, 8 నిమిషాలు గిలకొట్టండి. బీటర్ ఎత్తినప్పుడు జారిన ధార మూడు సెకన్లు పైనే గీతలా నిలవాలి. మైదా, కోకో రెండుసార్లు జల్లించి, మూడు విడతలుగా గరిటెను అడుగు నుంచి పైకి తిప్పుతూ కలపండి. కోకోలోని కొవ్వు నురగను త్వరగా దించేస్తుంది, అందుకే ఇక్కడ ఆలస్యం పనికిరాదు. పాలు, నూనెలో గరిటెడు పిండి ముందు కలిపి, తర్వాత అంతా కలపండి. నేరుగా పోస్తే అడుగున రబ్బరులా పొర కడుతుంది.

పిండిని ట్రేలో పోసి ఓవెన్‌లో పెట్టి, 10 నిమిషాలకు వేలితో నొక్కి చూడండి. పైకి లేచిందంటే తీసేయండి. కోకో చల్లిన పలచటి నూలుగుడ్డ మీద వెంటనే బోర్లించి, పేపర్ ఒలిచి, గట్టిపడిన అంచులు కోసేయండి. మొదట మడిచే పొట్టి అంచుకు 2 సెంటీమీటర్ల దూరంలో సగం లోతు గాటు పెట్టి, వేడి మీదే గుడ్డతో సహా చాపలా చుట్టి 45 నిమిషాలు వదిలేయండి.

క్రీముకు కొవ్వు 35 శాతం పైన ఉండాలి. కూరల్లో పోసే 25 శాతం ఫ్రెష్ క్రీమ్ ఎంత గిలకొట్టినా నిలబడదు. బేకరీ సామాన్ల కొట్లో దొరికే నాన్‌డెయిరీ రకం చాలావరకు తియ్యగానే ఉంటుంది, దానికైతే తురుము నలపడానికి సరిపడా రెండు స్పూన్ల పంచదార చాలు. ఎండాకాలం గిన్నెను ఫ్రీజర్‌లో ఉంచి తీయండి. క్రీమ్ గిలకొట్టి, బీటర్ ఎత్తితే మెత్తటి కొనలు తేలాక కమలా పంచదార, ఆఖర్న ఇగిరిన రసం వేసి, కొన నిలవగానే ఆపేయండి. ఇంకా తిప్పితే వెన్న విడిపోతుంది.

కేకు విప్పేటప్పుడు లోపలి వంపును పూర్తిగా సాపు చేయకండి. అవతలి చివర 2 సెంటీమీటర్లు వదిలి క్రీమ్ రాసి, ఈసారి గుడ్డ లేకుండా చుట్టి, అతుకు అడుగుకు వచ్చేలా 2 గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. కోసేటప్పుడు కత్తిని వేడినీళ్లలో ముంచి, ప్రతి ముక్కకీ తుడవాలి. అంత చేసినా పగిలిందంటే ముక్కలు చేసి, క్రీముతో గ్లాసుల్లో పొరలుగా వేసి ఇవ్వండి. రోల్ అనుకున్నారని ఎవరికీ తెలియదు.