శానిటైజర్ రాస్తే చేతులు మండుతున్నాయా? ముందు సబ్బు సంగతి చూడండి

మొదట ఉంగరం తీసి చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ పని మాత్రం చెయ్యరు. ఎరుపు, దురద ఉంగరం కిందే ఉంటే అక్కడ సబ్బు, తడి నిలిచిపోతున్నట్టే. ఉంగరం తీసి కడగండి, ఆ చోటు బాగా ఆరాకే మళ్లీ పెట్టుకోండి.

సమస్య: చేతులు పొడిబారాయి, వేళ్ల కణుపుల మీద సన్నని పగుళ్లు, శానిటైజర్ పడగానే భగ్గున మంట.

కారణం: చాలాసార్లు సబ్బే. మంట పుట్టించేది ఆల్కహాల్, పగుళ్లు తెచ్చింది మాత్రం సబ్బు. ఇది తెలియక మొదట్లో నేనే కొందరితో శానిటైజర్ మాన్పించి సబ్బుతో కడగమన్నాను. వారం తిరిగేసరికి వాళ్ల చేతులు ఇంకా పాడయ్యాయి. ఆ తప్పు నాకు ఇప్పటికీ బాధే.

చర్మం పైపొరలో కణాల మధ్య కొవ్వు పదార్థాలుంటాయి. లోపలి తేమను పట్టి ఉంచేవి అవే. సబ్బు వాటిని నీళ్లతో పాటు కడిగేస్తుంది. పైగా చర్మం పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) దాదాపు 5, అంటే కాస్త ఆమ్లం; మామూలు సబ్బుది 9-10, అంటే క్షారం. ఆ తేడా కూడా చర్మానికి పడదు. ఆల్కహాల్ కూడా కొవ్వును కొంత కరిగిస్తుంది కానీ, నీళ్లు పోయం కాబట్టి అందులో చాలావరకు చేతిమీదే ఉండిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో 1.45 శాతం గ్లిజరిన్ ఉన్నది చర్మం కోసమే. శానిటైజర్ రాసిన వెంటనే సబ్బుతో కడిగితే ఆ గ్లిజరిన్ కూడా పోతుంది. కడిగిన తడి చేతులకే రాస్తే మందు పలచబడుతుంది, చర్మానికి రెండు దెబ్బలు తగులుతాయి.

పరిష్కారం: ఒకసారికి ఒక్కటే. మురికి కనబడినా, మరుగుదొడ్డికి వెళ్లొచ్చినా, విరేచనాలున్న మనిషిని చూసుకున్నా సబ్బు. మిగతా వేళల్లో గ్లిజరిన్ ఉన్న శానిటైజర్, అదీ పొడి చేతులకే. వేడినీళ్లు వద్దు. కడిగాక రుద్దకుండా అద్దుకుని, కాస్త చెమ్మ ఉండగానే వాసన లేని క్రీమ్ రాయండి. రాత్రి పెట్రోలియం జెల్లీ. మూడో రోజుకి మంట తగ్గిందని ఆపెయ్యకండి, పైపొర పూర్తిగా మారడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది.

గ్లవ్స్ అంచు దాకా దురద, పొక్కులు ఉంటే రబ్బరులోని రసాయనాలు పడటం లేదేమో, డెర్మటాలజిస్ట్‌తో ప్యాచ్ టెస్ట్ (అనుమానమున్న పదార్థాలను చర్మానికి అంటించి ఏది పడట్లేదో చూసే పరీక్ష) చేయించుకోండి. నేల తుడిచే మందు చేతులకు వాడుతుంటే ఈరోజే ఆపండి. కొన్ని హ్యాండ్‌వాష్‌లలో ఉండే క్రిమిసంహారి క్లోర్‌హెక్సిడిన్‌కు అలర్జీ అరుదు, కానీ అది తగిలాక ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.