పాతకాలపు బెల్జియం రెండు గొట్టాల తుపాకీని కొనేముందు పరిశీలించడం ఎలా?

ముందుగా తుపాకీని తెరిచి, గొట్టాల వెనుక తూటా పెట్టే రెండు గదుల్లోనూ తూటాలు లేవని చూసుకొని, గొట్టాలను వేరు చేయాలి. టార్చి, భూతద్దం, గొట్టం లోపలి వ్యాసాన్ని కొలిచే గేజి ఉంటే చాలు. గొట్టాలను కొక్కెం దగ్గర వేలాడదీసి చెక్కపిడితో మెల్లగా తట్టినప్పుడు గంటలా మోగితే సరే; బొంగురుగా పలికితే, రెండు గొట్టాలను కలిపే పట్టీ అతుకు వదిలిందని అనుమానించి పక్కన పెట్టాలి.

తరువాత గొట్టాల అడుగున ఉన్న ముద్రలను చదవాలి. అత్యధికులు పొరపడేది ఇక్కడే కాబట్టి తొందర వద్దు. అండాకారంలో ఇఎల్‌జి అక్షరాలు, వాటి కింద నక్షత్రం ఉన్న ముద్ర బెల్జియంలోని లియెజ్ నగరంలో 1672లో ఏర్పడిన, తుపాకీ గొట్టాల బలాన్ని పరీక్షించే శాలది. దానిపై కిరీటం కనిపిస్తే ఆ ముద్ర 1893లోనో, ఆ తరువాతో పడింది. సంవత్సరాన్ని తెలిపే అక్షరం 1922 నుంచి మాత్రమే వేశారు కాబట్టి అంతకు ముందువాటిలో దాని కోసం వెతకడం వృథా. సింహం బొమ్మ కింద పివి అక్షరాలు ఉంటే పొగరాని మందుతో, అంటే ఎక్కువ ఒత్తిడి పుట్టించే ఆధునిక తుపాకీమందుతో, పరీక్షించారని అర్థం. అవి లేకుంటే ఆ తుపాకీని పాతకాలపు నల్ల తుపాకీమందుకు మాత్రమే తగినదిగా భావించాలి.

ఈ ముద్రలేవీ పనితనానికి యోగ్యతాపత్రాలు కావు. గొట్టం పరీక్షకు తట్టుకుందని మాత్రమే అవి చెబుతాయి. అగస్ట్ ఫ్రాంకోట్, లెబో-కురాలి వంటి సంస్థల మేలిరకం తుపాకులపైనా, అమెరికా దుకాణాలకు ఎగుమతైన చౌకరకాలపైనా అదే అండాకార ముద్ర ఉంటుంది. అందుచేత ఇఎల్‌జి చూడగానే నాసిరకమని తోసిపుచ్చడం ఎంత అన్యాయమో, దాన్నే చూపి గొప్ప ధర అడగడం అంత అన్యాయం. పక్కన చెక్కిన పేరునూ నమ్మరాదు. ఇంగ్లండులోని పేరున్న తుపాకీ సంస్థ వెస్ట్లీ రిచర్డ్స్‌ను గుర్తుకు తెచ్చేలా డబ్ల్యూ. రిచర్డ్స్ అని చెక్కిన బెల్జియం చౌకరకాలు ఎన్నో ఉన్నాయి.

పేరు కంటే కొలత మేలు. గొట్టంపై మిల్లీమీటర్లలో వ్యాసం చెక్కి ఉంటే, గేజితో ఇప్పటి వ్యాసాన్ని కొలిచి పోల్చాలి. అంకె గణనీయంగా పెరిగిందంటే తుప్పు గుంటలను పోగొట్టడానికి లోపలి లోహాన్ని ఎవరో తొలిచారన్నమాట. అమ్మేవారు గొట్టాల మెరుపు చూపి మాట దాటవేస్తారు గానీ, కొత్తగా మెరుగు పెట్టిన గొట్టాన్ని కొనకూడదన్నదే నియమం. డమాస్కస్ అల్లిక విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికిన అసలు అల్లిక గొట్టం అడుగున కూడా కొనసాగుతుంది. పైపైన అచ్చువేసిన నకిలీ నమూనా అక్కడ తరచూ ఆగిపోతుంది.

వెనుక చెక్కను, చెక్కడాలను ఆ తరువాత చూసుకోవచ్చు. పాత తుపాకుల్లో తూటా గది 65 మిల్లీమీటర్లే ఉండి, ఇప్పటి పొడవైన తూటాలకు సరిపోకపోవచ్చు కాబట్టి, గది పొడవునూ గొట్టాల గోడ మందాన్నీ అనుభవజ్ఞుడైన తుపాకీ మరమ్మతుదారు కొలిచి చెప్పేవరకు, ముద్ర ఏదైనా సరే, అందులో తూటా పెట్టరాదు.