వాకింగ్ చేస్తున్నా, తిండి మార్చినా బరువు పెరుగుతోందా? ముందు ఇవి చూసుకోండి

పొద్దున్నే లేచి నడుస్తున్నారు, జిమ్‌కి డబ్బులు కట్టారు, స్వీట్లు మానేశారు, రాత్రిపూట అన్నం బదులు పుల్కాలు తింటున్నారు. అయినా నెల తిరిగేసరికి కిలోన్నర పెరిగారు. ఒళ్లు మండుతుంది, నిజమే. ఆ మంటలో రాత్రి భోజనం మానేయడమో, "నా ఒంటి తత్వమే ఇంత" అని అన్నీ వదిలేయడమో చేసేముందు ఆ కిలోన్నర ఏమిటో తేల్చుకోండి. నీరా, కండా, కొవ్వా? మిషన్‌కి ఇవేవీ తెలీవు, అన్నీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది.

ముందు తూచుకునే పద్ధతి సరిచేసుకోండి. లేవగానే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు, పలచటి బట్టల్లో, ఎప్పుడూ ఒకే మిషన్ మీద. మిషన్ గట్టి నేల మీద ఉండాలి, చాప మీద పెడితే అంకె మారిపోతుంది. వారంలో మూడు నాలుగు సార్లు చూసి సగటు రాసుకుని, దాన్నే పోయిన వారం సగటుతో పోల్చండి. ఆదివారం బిర్యానీ తిని సోమవారం మిషన్ ఎక్కితే కిలో ఎక్కువ చూపించడం మామూలే, అది ఉప్పు పట్టి ఉంచిన నీరు, కడుపులో ఇంకా అరగని తిండి. కిలో కొవ్వు పెరగాలంటే అవసరానికి మించి దాదాపు 7,700 కేలరీలు తినాలి, ఒక్క పూటలో అంత తినడం ఎంతటి బిర్యానీ ప్రియులకైనా కష్టమే. ఆడవాళ్లకి నెలసరి ముందు రోజుల్లో కిలో, ఒక్కోసారి రెండు కిలోల దాకా నీరు చేరుతుంది కాబట్టి పోయిన నెల అవే రోజుల బరువుతో పోల్చుకోండి.

వ్యాయామం కొత్తగా మొదలుపెట్టిన వాళ్లకి ఇంకో లెక్క ఉంది. పని పెరిగిన కండరాలు గ్లైకోజెన్ అనే పిండి పదార్థాన్ని ఎక్కువగా దాచుకుంటాయి, అది గ్రాము దాచుకుంటే దాంతోపాటు మూడు గ్రాముల దాకా నీరూ ఉంటుంది. ఒళ్లు నొప్పులున్నన్నాళ్లూ కండరాల్లో కొంచెం వాపు, దానికీ నీరే. కాబట్టి మొదటి మూడు నాలుగు వారాలు మిషన్ మాట పట్టించుకోకుండా టేపు పట్టుకుని నడుము కొలుచుకోండి. కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో, పొట్ట లోపలికి లాక్కోకుండా, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. మన దేశం వాళ్లకి మగవాళ్లకైతే 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకైతే 80 దాటితే జాగ్రత్తపడాలంటారు. బరువు కిలో పెరిగినా నడుము తగ్గుతుంటే మీ దారి సరైనదే. నడుము కూడా పెరుగుతుంటే మాత్రం "అదంతా మజిల్ సార్" అనే ట్రైనర్ మాటతో సరిపెట్టుకోకండి, వాకింగ్‌తో నెలకి రెండు కిలోల కండ ఎవరికీ రాదు.

ఇక నడక లెక్క. 70 కిలోల మనిషి గంటసేపు కాస్త చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 250 కేలరీలకి అటూ ఇటూగా, అందులో 70 దాకా ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే. చేతికున్న వాచీ 400 అని చూపిస్తే సంతోషించండి కానీ దాన్ని నమ్మి తినకండి. పార్కు గేటు బయట బెల్లం వేసిన రాగి జావ, పంచదార కలిపిన జ్యూస్, ఆ పక్కనే "ఈ రోజు ఐదు కిలోమీటర్లు కదా" అని స్నేహితులతో ఇడ్లీ వడ... నడకలో కరిగింది గేటు దాటకముందే తిరిగొచ్చేస్తుంది. పొద్దున నడిచాం కదా అని పాల ప్యాకెట్‌కి కూడా బండి తీసి, మిగతా రోజంతా కుర్చీలోనే గడిపితే ఆ గంట పనిలో సగం పోయినట్టే.

అసలు కథ ఎక్కువమంది ఇళ్లలో వంటగదిలోనే ఉంటుంది. మంచి తిండి అనుకున్నవి పాత తిండి స్థానంలోకి రాకుండా దాని పైన వచ్చి చేరతాయి. టిఫిన్ అలాగే ఉంది, దానికి ముందు నానబెట్టిన బాదం, తర్వాత తేనె నిమ్మరసం, సాయంత్రం గుప్పెడు పల్లీలు. 30 గ్రాముల పల్లీలంటే 170 కేలరీలు, జీడిపప్పు, బాదం కూడా అంతే. బెల్లానికీ పంచదారకీ కేలరీల్లో తేడా నామమాత్రం. మిల్లెట్ల సంగతీ చూడండి: 100 గ్రాముల బియ్యంలో 350 దాకా కేలరీలుంటే రాగుల్లో 320, జొన్నల్లో 330, సజ్జల్లో దాదాపు బియ్యమంతే. పీచు ఎక్కువ, కడుపు నిండినట్టుంటుంది, తినండి, నేనూ తింటాను. కానీ మిల్లెట్ కదా అని రెండోసారి వడ్డించుకుంటే ఆ లాభం అక్కడితో సరి.

నూనె ఒకసారి లెక్కేయండి. నలుగురున్న ఇంట్లో నెలకి ఐదు లీటర్లు అయిపోతుంటే మనిషికి రోజుకి 40 మిల్లీలీటర్ల పైనే, అంటే 340 కేలరీలు నూనె ద్వారానే వెళ్తున్నాయి. గానుగ నూనె అయినా రిఫైన్డ్ అయినా పెద్ద చెంచాకి 120 కేలరీలే, నెయ్యీ అంతే. పోపు గిన్నెలోకి ప్యాకెట్ వంచి పోసే చేతికి కొలత ఉండదు కదా, అందుకే పొద్దున్నే ఇంట్లో నలుగురికీ కలిపి 100 మిల్లీలీటర్లు గ్లాసులో పోసి పొయ్యి పక్కన పెట్టండి, దోసెలకైనా వేపుడుకైనా ఆ రోజుకి అదే. మొదటి వారం సాయంత్రానికల్లా గ్లాసు ఖాళీ అవుతుంది, తర్వాత చెయ్యి అలవాటు పడుతుంది.

అన్నం విషయానికొస్తే, మనం పప్పుతో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి పెట్టుకుంటాం, చివరికి ఎంత తిన్నామో మనకే తెలీదు. వండిన అన్నం కప్పుకి 200 కేలరీలు వేసుకోండి. తినాలనుకున్న అన్నమంతా మొదటే కంచంలో పెట్టుకుని మూడు వాటాలు చేసుకోండి, గిన్నె మళ్లీ ముట్టుకోవద్దు. పక్కన కూర, పప్పు, గుడ్డు లేదా పెరుగు ధారాళంగా ఉంటే ఆకలి వెయ్యదు. పెరుగన్నంలో ఆవకాయ మానమని ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను, ఊట మాత్రం తగ్గించుకోండి, ఉప్పూ నూనే రెండూ అందులోనే ఉన్నాయి.

ఏడు రోజులు నోట్లోకి వెళ్లేదంతా ఫోన్‌లో రాయండి. తిన్న వెంటనే రాయాలి, రాత్రి గుర్తు చేసుకుంటే పిల్లల కంచంలో మిగిలింది, ఆఫీసులో నాలుగో టీ, రుచి చూసిన రెండు బజ్జీలు అందులో ఉండవు. వారం తర్వాత జాబితాలో అన్నిటికన్నా తేలిగ్గా వదలగలిగేది ఒక్కటి తీసేసి మూడు వారాలు చూడండి. నిద్ర ఐదు గంటలే అయితే ముందు దాని సంగతి చూసుకోండి, నిద్ర చాలని మర్నాడు ఆకలి ఎక్కువవుతుంది.

ఇవన్నీ నిజాయితీగా చేసినా నడుము పెరుగుతూనే ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్ పరీక్ష చాలా చోట్ల తక్కువ ఖర్చులోనే అవుతుంది, అయితే థైరాయిడ్ తక్కువగా ఉన్నా దానివల్ల పెరిగేది సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ నీరు చాలా ఉంటుంది. నెలసరి తప్పుతుంటే పీసీఓఎస్ (ఆడవాళ్లలో హార్మోన్ల తేడాతో వచ్చే సమస్య) గురించి అడగండి. రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగి, కాళ్లు నొక్కితే గుంట పడుతూ, పడుకుంటే ఆయాసం వస్తుంటే మాత్రం ఆగొద్దు, అది గుండె, కిడ్నీ లేదా కాలేయం సమస్య కావచ్చు, అదే రోజు వెళ్లాలి.

మందుల వల్ల కూడా బరువు పెరుగుతుంది: స్టెరాయిడ్లు, ఇన్సులిన్, షుగర్‌కి వాడే గ్లిమెపిరైడ్, పయోగ్లిటజోన్, మూర్ఛకి వాడే వాల్‌ప్రోయేట్, మానసిక సమస్యలకి వాడే ఓలాంజపైన్ లాంటివి. సొంతంగా ఆపకండి, ముఖ్యంగా స్టెరాయిడ్లు ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదకి వస్తుంది. స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని డాక్టర్‌కి చూపించండి, తెలిసినవాళ్లు ఇచ్చిన చూర్ణాలు, ఆన్‌లైన్‌లో కొన్న పౌడర్లతో సహా, ఎందుకంటే అలాంటి వాటిలో చెప్పకుండా స్టెరాయిడ్ కలిపి అమ్మిన సందర్భాలున్నాయి.