చేత్తో తోసే మిషన్‌తో ఇంటి లాన్ కోసుకోవడం, మన గోదావరి డెల్టా నేలల సంగతి చూసుకుని

చేత్తో తోసే గడ్డి మిషన్ కొందామా వద్దా అని ఎవరైనా అడిగితే నేను తిరిగి ఒకటే అడుగుతానండి, వర్షాకాలంలో వారానికోసారి ఖచ్చితంగా కొయ్యగలరా లేదా అని. కొయ్యగలిగితే దీన్ని మించింది లేదు, పెట్రోల్ లేదు కరెంటు లేదు, తడి గడ్డిలో వైరు ఈడ్చుకుంటూ తిరిగే భయం లేదు, పొద్దున్నే తోసుకున్నా పక్కింటోళ్ళు నిద్ర లేవరు. నెలకోసారి ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు కోస్తాం అంటే మాత్రం వద్దు, అది మీకు పనికి రాదు, మీరు దానికి పనికి రారు. స్థలం కూడా చూసుకోవాలి, రెండు మూడు సెంట్ల లాన్ అయితే హాయిగా అయిపోద్ది, అయిదు సెంట్లు దాటితే మాత్రం మన ఉక్కపోతలో చొక్కా పిండుకోవాల్సిందే.

మా వైపు చాలా ఇళ్ళల్లో ఈ మిషన్ మెట్ల కింద తుప్పు పట్టి పడుంటది. ఎందుకు వాడట్లేదంటే "అబ్బే అది కొయ్యదండి, గడ్డిని తొక్కుకుంటూ పోద్ది" అంటారు. నా లెక్కలో పదింటిలో తొమ్మిదింటికి రోగం ఒకటే, బ్లేడు సెట్టింగ్. దాని మీదే ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మిగతాదంతా ఒకసారి చూస్తే వచ్చేసే పనే.

ముందు అదెలా పనిచేస్తదో తెలియాలి. చక్రాలు తిరిగితే గేర్ల ద్వారా మధ్యలో ఉన్న రీలు తిరుగుద్ది, రీలుకి మెలి తిరిగిన బ్లేడులు అయిదో ఆరో ఉంటాయి, కింద అడ్డంగా కదలకుండా ఒక పట్టీ బ్లేడు ఉంటది, దాన్ని బెడ్ నైఫ్ అంటారు. రీలు బ్లేడు గడ్డిపోచని తెచ్చి ఆ పట్టీ మీదకి నొక్కుద్ది, అక్కడ కత్తెర పడ్డట్టు తెగుద్ది. పెట్రోల్ మిషన్, కరెంటు మిషన్ చాలావరకు అలా కాదు, వాటిలో ఒకే బ్లేడు స్పీడుగా తిరిగి గడ్డిని కొడతది, అందుకే బ్లేడు మొద్దుబారితే కోసిన మర్నాటికి గడ్డి కొసలు పీచులా చీలి తెల్లగా ఎండిపోయి కనపడతాయి. ఈ రీలు మిషన్ మొన్నమొన్న వచ్చింది కాదండోయ్, ఇంగ్లాండులో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన 1830లో పేటెంట్ తీసుకున్నాడు, బట్టల మిల్లులో ఉన్ని గుడ్డ మీద లేచిన నూగు కత్తిరించే మిషన్ చూసి ఆ ఐడియా పట్టాడు. దాదాపు రెండొందల ఏళ్ళయినా పని చేసే తీరు అదే.

ఇప్పుడు గడ్డి సంగతి. మనోళ్ళంతా కడియం, కడియపులంక, బుర్రిలంక నర్సరీల నుంచే తెచ్చుకుంటారు కదా, అక్కడ మెక్సికన్ అని అమ్మేది సన్నగా ముళ్ళలా గుచ్చుకునే గడ్డి, చూడ్డానికి అందం గానీ పోచ గట్టిది, బ్లేడు పదునుగా లేకపోతే తెగదు. బెర్ముడా అనేది మన గరిక జాతే, ఎండ బాగా పడే చోట ఇదే మేలు, ఈ మిషన్‌కి కూడా ఇదే బాగా లొంగుద్ది. వెడల్పు ఆకుల కార్పెట్ గడ్డి నీడకి కాస్త తట్టుకుంటది. ఎత్తు ఎంత ఉంచాలంటే, బెర్ముడా, మెక్సికన్ అయితే ఒక అంగుళం నుంచి ఒకటిన్నర, కార్పెట్ గడ్డి అయితే రెండు అంగుళాలు. కొబ్బరి చెట్ల నీడ పడే చోట ఇంకో అర అంగుళం ఎక్కువే వదిలెయ్యండి, అసలే ఎండ చాలక ఈసురోమంటూ ఉంటది, ఉన్న ఆకు కూడా కోసేస్తే ఇంకేం తింటది పాపం.

కొనేటప్పుడు 12, 14, 16 అంగుళాల వెడల్పుల్లో చూపిస్తారు. మొదటిసారి అయితే 14 చాలు, ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు కూడా తోసుకోగలరు. రెండు పక్కలా పెద్ద చక్రాలుండే రకం ఒకటి, వెనక రోలర్ ఉండే రకం ఒకటి. రోలర్ రకం కోసిన చోట చారలు చారలుగా అందంగా కనపడతది గానీ బరువు ఎక్కువ, మన బంక నేల వానకి మెత్తగా ఉన్నప్పుడు కూరుకుపోద్ది. అందుకని నేను డెల్టాలో అయితే చక్రాల రకమే తీసుకోమంటాను. షాపులో హ్యాండిల్ పట్టుకుని అటూ ఇటూ తోసి చూసేసి బావుంది అనకండి, జేబులో ఒక న్యూస్‌పేపర్ ముక్క పెట్టుకెళ్ళండి. ఎందుకో ఇప్పుడే చెప్తాను.

మిషన్‌ని తిరగేసి పెట్టండి, చేతికి మందం గ్లవ్స్ వేసుకోండి, ఈ బ్లేడులు చూడ్డానికి మొద్దుగా ఉంటాయి గానీ వేలు మధ్యలో పడితే అంతే. బెడ్ నైఫ్‌కి రెండు చివర్లా స్క్రూలు ఉంటాయి, మామూలుగా పక్కకి రెండు, ఒకటి తిప్పితే పట్టీ రీలుకి దగ్గరకి వస్తది, రెండోది తిప్పితే దూరం జరుగుద్ది. న్యూస్‌పేపర్‌ని వేలెడు వెడల్పు చీలికగా చింపి, రీలు బ్లేడుకీ పట్టీకీ మధ్యలో నిలువుగా పెట్టి, ఇంకో చేత్తో రీలుని మెల్లిగా ముందుకి తిప్పండి. పేపర్ చప్పున తెగితే ఆ చోట సెట్టింగ్ సరిగ్గా ఉన్నట్టు. మడత పడి లోపలికి జారిపోతే సందు ఎక్కువున్నట్టు, అక్కడ గడ్డి కూడా అచ్చం అలాగే మడత పడుద్ది, "తొక్కుకుంటూ పోద్ది" అనేది ఇదే. అప్పుడు స్క్రూని కొంచెం, అంటే పూర్తి చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే తిప్పి మళ్ళీ పేపర్ పెట్టి చూడండి. ఎడమ చివర, మధ్యలో, కుడి చివర మూడు చోట్లా చూడాలి, ఒక పక్క సరిచేస్తే రెండో పక్క మారిపోద్ది, విసుక్కోకుండా అటొకసారి ఇటొకసారి చేసుకోవాల్సిందే. బాగా కోస్తదిలే అని బిగించేసేవాళ్ళు కూడా ఉన్నారు, అప్పుడు ఇనుము ఇనుముని రాసుకుని కీచుమంటది, తోయడానికి బలం చాలదు, బ్లేడు పదును రెండు రోజుల్లో పోద్ది. రీలుని వేలితో ఒక్క తోపు తోస్తే సన్నగా స్‌స్‌స్ అనే చప్పుడుతో రెండు మూడు చుట్లు తిరిగి ఆగాలి, అదీ లెక్క. కొత్త మిషన్‌కి కూడా ఇది చెయ్యాలి, లారీలో ఊగుకుంటూ వచ్చేసరికి ఫ్యాక్టరీ సెట్టింగ్ ఉండాలని లేదు.

కోసే ముందు లాన్ మొత్తం ఒకసారి నడవండి, ఇది మిగతా ప్రాంతాల వాళ్ళకన్నా మనకే ఎక్కువ అవసరం. కొబ్బరి చెట్లున్న ఇల్లయితే పిందెలు, పూత పుల్లలు, మట్టల ముక్కలు, అన్నిటికన్నా ముఖ్యంగా ఈనెలు ఏరాలి. గడ్డిలో పడుకున్న ఈనె కంటికి కనపడదు, రీలులోకి వెళ్ళి పట్టీకి అడ్డం పడి టక్కున ఆపేస్తది, మీరు తోసే ఊపులో హ్యాండిల్ వచ్చి పొట్టలో తగులుద్ది. కొబ్బరికాయల దింపు తీసిన రోజు, ఆ మర్నాడు లాన్ జోలికి పోకుండా ముందు గట్టి చీపురుతో ఊడ్పించండి. గులకరాయి ఒక్కటి పడితే బ్లేడుకి నొక్కు పడతది, ఆ నొక్కు దగ్గర ప్రతిసారీ ఒక గీతలా గడ్డి మిగిలిపోద్ది. కాలవ పక్క ఇళ్ళయితే పీతలు బొరియలు తవ్వి మట్టి కుప్పలు పోస్తాయి, వానల్లో వానపాములు తోసిన మట్టి ఉండలుంటాయి, అవి ఎండిన తర్వాత చదును చేసి అప్పుడు కోసుకోవాలి. ఇంకోటి, కాళ్ళకి బూట్లు వేసుకోండి, హవాయి చెప్పులతో వద్దు, వాన ముదిరాక పొలాల పక్క ఇళ్ళల్లో గడ్డిలో పాములు ఉండే చోటు ఇది, ముందు ఒక కర్రతో అంచులు కొట్టి అప్పుడు దిగండి.

ఎప్పుడు కొయ్యాలి అంటే గడ్డి ఆరిన తర్వాతే. చలికాలం మన దగ్గర మంచు తొమ్మిదింటిదాకా ఆకు మీదే ఉంటది, తడి గడ్డి రీలుకి అంటుకుని ముద్దలు కడుద్ది, చక్రాలు తిరక్కుండా జారతాయి, చక్రం తిరక్కపోతే రీలు తిరగదు కదా. ఎండాకాలం అయితే సాయంత్రం అయిదు తర్వాత. వానలు పట్టాక అసలు చిక్కు, మన ఒండ్రు నేల నీళ్ళు పట్టి వదలదు, పైన గడ్డి ఆరినట్టు కనపడినా మడమ నొక్కితే నీరు ఊరుతుంటే ఆ రోజు వదిలెయ్యండి, తోస్తే చక్రాల గాడులు పడి తర్వాత ఎండకి అలాగే గట్టిపడిపోతాయి. ఒకరోజు ఎండ కాస్తే చాలు, అదను చూసుకుని కోసెయ్యాలి, మళ్ళీ వాన వచ్చేస్తది. ఏప్రిల్, మేల్లో కాలవలు కట్టేశాక నీళ్ళు తక్కువ పెడతాం కాబట్టి గడ్డి ఎదగదు, రెండు మూడు వారాలకోసారి చాలు, అదీ ఎత్తు పెంచుకుని. జూన్ తర్వాత వారానికోసారి తప్పదు, ఎరువు వేశారంటే ఒక్కోసారి అయిదు రోజులకే అడుగుద్ది.

తోయడంలో పెద్ద విద్యేమీ లేదు. ఆగి ఆగి కాకుండా మామూలు నడక స్పీడులో ఒకే ఊపున తోయాలి, మెల్లిగా పోతే రీలు కూడా మెల్లిగా తిరిగి గడ్డి వంగిపోద్ది. ముందు అంచుల వెంట ఒక చుట్టు తిరిగి, తర్వాత నిలువు వరసలు, ప్రతి వరస ముందు దాని మీదకి రెండు మూడు అంగుళాలు ఎక్కాలి, లేకపోతే మధ్యలో పిలకలా సన్నటి గీత మిగులుద్ది. ఈ వారం నిలువుగా కోస్తే వచ్చే వారం అడ్డంగా కొయ్యండి, గడ్డి ఒకే వైపు వాలిపోకుండా ఉంటది. గోడ పక్కన, పూలకుండీల చుట్టూ మిషన్ వెళ్ళదు, అక్కడ చేతి కత్తెరే గతి, ఎవరేం చెప్పినా. మధ్యలో ఏదైనా ఇరుక్కుంటే ముందుకి బలంగా తోయకండి, వెనక్కి ఒక అడుగు లాగండి, చాలాసార్లు ఊడొస్తది, రాకపోతే చక్రం కదలకుండా పట్టుకుని కర్రతో తియ్యండి, చెయ్యి పెట్టొద్దు, రీలు కొంచెం కదిలినా చాలు వేలికి.

హైదరాబాద్‌లో పిల్లల దగ్గరకెళ్ళి నెలన్నర ఉండి వస్తారు, వచ్చేసరికి లాన్ మోకాలి దాకా. అప్పుడు ఈ మిషన్‌తో మొదలెట్టకండి, నాలుగు అంగుళాలు దాటిన గడ్డి రీలుకి అందదు, ముందుకి పడుకుంటది. కొడవలితో పై భాగం కోయించి, నాలుగైదు రోజులాగి మిషన్‌ని అన్నిటికన్నా పై ఎత్తులో పెట్టి ఒకసారి, వారానికి ఇంకో గడి దించి ఒకసారి, అలా దిగాలి. ఎప్పుడు కోసినా ఉన్న ఎత్తులో మూడో వంతుకి మించి తియ్యకూడదు, ఒకేసారి నున్నగా గొరిగేస్తే పసుపు రంగుకి తిరిగి, ఆ సందులో తుంగ లేస్తది. తుంగ ఒకసారి పట్టిందంటే మిషన్ కోస్తున్నా కింద గడ్డల నుంచి మళ్ళీ వస్తూనే ఉంటది, దాన్ని కోయడం కాదు, వాన పడ్డాక నేల మెత్తగా ఉన్నప్పుడు గడ్డతో సహా పీకాలి.

ఎగుడుదిగుడు ఉన్న చోట బ్లేడు గుట్ట నెత్తి గీకేసి మట్టి కనపడతది. దానికి మందు గోదావరి ఇసుక, బాగా చివికిన పశువుల గెత్తం సగం సగం కలిపి జల్లించి, పల్లాల్లో అర అంగుళం మందాన పరిచి చీపురుతో ఊడవడమే. ఒకేసారి ఎక్కువ పోస్తే గడ్డి ఊపిరాడక చస్తది, రెండు మూడు విడతలుగా చెయ్యండి.

కోసిన తుక్కు సన్నగా ఉంటే ఏరక్కర్లేదు, అలాగే వదిలేస్తే రెండు రోజుల్లో ఎండి కిందకి దిగి ఎరువవుద్ది. ముద్దలు ముద్దలుగా పడితే మాత్రం ఊడ్చెయ్యాలి, లేకపోతే మన తేమకి కింద గడ్డి కుళ్ళిపోద్ది. గేదెకి వేస్తాం అనుకుంటే లాన్‌కి ఈ మధ్య మందేమీ కొట్టలేదని చూసుకుని వెయ్యండి.

ఇక పదును. పేపర్ పరీక్షలో సందు సరిచేసినా తెగట్లేదంటే పదును పోయినట్టు. వీధిలోకొచ్చే కత్తుల సానవాళ్ళకి రీలు ఇవ్వకండి, మెలి తిరిగిన బ్లేడు అన్ని చోట్లా సమానంగా అరగాలి, చేత్తో రాయి పెడితే ఒక చోట లోతు పడిపోద్ది. ఆటో స్పేర్ పార్ట్స్ షాపుల్లో వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ అని చిన్న డబ్బా దొరుకుద్ది, కార్బొరండం పేస్ట్ అన్నా ఇస్తారు. ఒక చక్రం ఊడదీసి, లోపలి చిన్న గేరు తీసి, బెడ్ నైఫ్‌ని రీలుకి సన్నగా తగిలేలా పెట్టి, పాత బ్రష్‌తో పేస్ట్ బ్లేడులకి రాసి, రీలు ఇరుసుని పానాతో పట్టుకుని వెనక్కి తిప్పుతూ ఉండాలి, కోసేటప్పుడు తిరిగే దిక్కుకి ఎదురు దిక్కులో అన్నమాట. గరగరమనే చప్పుడు మెల్లగా తగ్గుద్ది, తగ్గాక కిరసనాయిల్ గుడ్డతో పేస్ట్ ఒక్క రేణువు లేకుండా తుడిచేసి మళ్ళీ పేపర్‌తో సెట్టింగ్ చేసుకోవాలి. గేరు తీసేటప్పుడు ఏది ఎడమది ఏది కుడిదో గుర్తు పెట్టుకోండి, ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుంటే సుఖం, తారుమారైతే ముందుకి తోసినప్పుడు రీలు తిరగదు. ఓపిక లేనోళ్ళు లేత్ షాపుకి తీసుకెళ్ళి ఇదే పని చేయించుకోవచ్చు.

కోసిన ప్రతిసారీ తుక్కు దులిపి, పొడి గుడ్డతో తుడిచి, బ్లేడులకి కుట్టు మిషన్ నూనె రెండు చుక్కలు రాయండి. కొబ్బరి నూనె చేతి దగ్గరే ఉందని అది రాయకండి, జిడ్డు కట్టి దుమ్ము పట్టుకుంటది. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు సముద్రానికి దగ్గరున్నోళ్ళు నూనె ఇంకొంచెం ఎక్కువే రాయాలి, ఉప్పు గాలికి రాత్రికి రాత్రే ఎర్రగా తిరుగుద్ది. గేర్లలో ఏడాదికోసారి గ్రీజు. పెట్టేది పైకప్పు ఉన్న చోట, కింద రెండు చెక్కముక్కలు వేసి, అదీ యూరియా బస్తాలకి దూరంగా, ఆ బస్తా చెమ్మ పీల్చుకుని పక్కనున్న ఇనుముని తినేస్తది.